మేము పెరిగిన దశాబ్దము

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాస పాఠము)



భావనాఋషి సంతతివారమని చెప్పుకొను మనకు వస్త్రమును గూర్చి యెవరును కొత్తగా చెప్పవలసినది లేదు. మేము ముప్పదియేండ్లకు మించి పాఠశాలలలో తెలుగును సంస్కృతమును బోధించి విరమించినవారము. కార్యదర్శిగారు ప్రసంగవిషయమును మా యిచ్ఛకే విడిచిరి. ఏదేని యొక కావ్యమును గూర్చి చెప్పుదమని బయలుదేఱితిమి. కాని నిన్నటి సాయంకాలము మొదలుకొని విడిదిలోను, ఈ పందిటిలోను, అఱువదియేండ్లు దాటినవా రిద్దఱు కలిసిన ప్రతిచోటను ఒక్కమాటయే మా చెవిని బడుచున్నది: "ఆ దినము లెంత బాగుండెడివి!" మొదట కుశలప్రశ్న, పిదప మోకాళ్ల నొప్పి, ఆపై ఈ మాట. కావున కావ్యము నటుంచి ఆ దినములను గూర్చియే మాటాడ నిశ్చయించితిమి.

ఆ దినములు మాకు 1970వ సంవత్సరము మొదలు 1980 వఱకు గల పదియేండ్లు. 1951లో వినోబాభావేగారి భూదానమువలన ప్రఖ్యాతిగన్న పోచంపల్లికి సమీపముననే, చిటికికట్టు చీరలు నేయు సాలెవాడలో మేము పెరిగితిమి. నా డది నల్లగొండ జిల్లా. 2016 తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. చీరాల, మంగళగిరి, గద్వాల, సిరిసిల్లలనుండి వచ్చిన సోదరులు మా వాడ స్థానమున తమ వాడలను నిలుపుకొని వినవచ్చును. నేతలో భేదములున్నను బ్రదుకులో భేదములు స్వల్పములు.

తెల్లవారకమున్నే వీధిలో పడుగు సాపెడివారు. ఒక కొసనుండి మఱియొక కొసవఱకు నూలు పఱచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుచుండగా, ఎండ యెక్కకమునుపే పని ముగియవలెను. ఒక యింటివారివలన నగు పని కాదది. ఇరుగుపొరుగు వారందఱును పిలువకయే వచ్చెడివారు. కూలి లేదు, లెక్క లేదు. నేడు వీరిది, రేపు వారిది. ఆకసమున మబ్బు కనబడెనా, అన్నము ముందు కూర్చున్నవాడును చేయి కడిగి పరుగెత్తవలసినదే. తెగిన పోగులను వెదకి చూపుట పిల్లల పని. మా కన్నులు పెద్దల కన్నులకంటె వాడియైనవని మాకు గర్వముగా నుండెడిది. ఆ పని ముగించి, చేతికంటిన గంజి చేతనుండగనే బడికి పోయెడివారము.

మా తాతగారు మగ్గపు గుంటలో కాళ్లుంచి కూర్చుండి నేయుచు భాగవత పద్యములు చదివెడివారు. మా తొలి ఛందోగురువు ఆ మగ్గమే యని చెప్పుటకు మేము సందేహింపము. నాడె ఆ వైపునుండి ఈ వైపునకు వచ్చులోపల పాదములో నొక సగము. మరల పోవులోపల మిగిలిన సగము. పోగు తెగినచో పద్యమును అక్కడనే నిలిచెడిది. పోగు నతికి, మరల నాడె విసరినపుడు, నిలిచిన యక్షరమునుండియే యెత్తుకొనెడివారు. ఒక్కనాడును యతి తప్పినట్లు మేము వినలేదు. గట్టున కూర్చుండి కండెలు చుట్టుచు మేము కంఠస్థము చేసిన పద్యములే తరువాత ప్రాచ్యకళాశాలలో మమ్ము కాపాడినవి. అమరకోశమును సైత మట్లే నేర్చితిమి. తంత్రమనగా మగ్గమని, సూత్రమనగా నూలుపోగని తెలిసిననాడు, శాస్త్రములన్నియు మా వాడనుండియే బయలుదేఱినవని మాకు తోచినది.

చిటికి కట్టుటకు పాత సైకిలు ట్యూబులను సన్నని పీలికలుగా కోసెడివారు. ఆ ముక్కలు మిగిలినచో బాలురకు పండుగ. మోరీలలో ఒకనాడు ఎఱ్ఱనీరు, మఱునాడు నీలపునీరు పాఱెడిది. ఏ యింట ఏ రంగు అద్దుచున్నారో నీటిని చూచి చెప్పగలిగెడివారము. వాడకంతటికి ఒక్క రేడియో. దానికి ఏటేట తపాలాకచేరిలో రుసుము కట్టవలసియుండెను గనుక ఆ యింటివారు దానిని దేవతావిగ్రహమువలె వస్త్రము కప్పి యుంచెడివారు. చందమామ సంచిక యొకటి వచ్చినచో, అట్టలు చినిగిపోవువఱకు ఇరువది యిండ్లు తిరిగెడిది. 1977లో దానవీరశూరకర్ణ చలనచిత్రము వచ్చినపుడు, కొండవీటి వేంకటకవిగారు వ్రాసిన దీర్ఘసమాసముల సంభాషణలను మగ్గములమీద నున్న పడుచువాండ్రందఱు తడుముకొనక యప్పగించెడివారు. సమాసము కఠినమని పాఠశాలలో మొఱపెట్టువారిని చూచినపుడెల్ల మా కది జ్ఞప్తికి వచ్చును. కష్టము సమాసములో లేదు. ఆసక్తి లేకపోవుటలో నున్నది.

ఇదియంతయు సత్యమే. ఇందులో నొక్క పోగును మేము కల్పింపలేదు. అయినను, నిన్నటినుండి వినబడుచున్న మాటలలో కొన్నిటికి మాత్రము మా మనస్సు తలయూపదు.

తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున స్మృతియు రెండు తెఱగులని చెప్పినాడు. ప్రమనుండి పుట్టినది యథార్థము, అప్రమనుండి పుట్టినది అయథార్థము. అనగా తలపునకు తనంత తాను సత్యము లేదు. తొలుత చూచిన చూపు సరియైనదైనచో తరువాతి తలపును సరియైనది; ఆ చూపులో లోపమున్నచో, ఏబదియేండ్లు గడచినను ఆ లోపము తొలగదు. మగ్గపు గట్టున కూర్చుండి కండెలు చుట్టు పదియేండ్ల బాలు డెంత చూచును? వీధి చూచును, పండుగ చూచును, నీటి రంగు చూచును. తన పొట్ట నిండినదో లేదో యెఱుగును గాని, నింపిన వారి పొట్ట నెఱుగడు. మనకు మిగిలిన స్మృతులలో హెచ్చుభాగ మా బాలుని చూపే. దానిని నిందింపరాదు; దానినే ప్రమాణముగా గొని నేటివారికి తీర్పు చెప్పుటయు తగదు.

"ఆ దినములలో ఎవరును ఊరు విడిచి పోలేదు, మగ్గమును విడువలేదు" అని నిన్న ఒక పెద్దలు సెలవిచ్చిరి. వారియందు మాకు మిక్కిలి గౌరవము. కాని షోలాపురమునకును బొంబాయికిని మనవారు పోవుట పందొమ్మిదవ శతాబ్దినుండియు కలదు. భీవండి, సూరతు మిల్లులకు పోవుటయు మేము పెరిగిన యేండ్లలో మేమే చూచితిమి. 1972–73లో అనావృష్టి వచ్చెను. 1973–74లో ధరలు నూటికి ఇరువదికి మించి పెరిగెను. నూలు కొనలేక మగ్గములు నిలిచిపోగా, మగవా రొక్కొక్కరే బస్సెక్కిరి. దీనికి మాకు సాక్ష్యము వేఱొకరు చెప్పనక్కఱలేదు; వారి యుత్తరములను చదివినవారము మేమే.

1971 జనగణనలో ఆంధ్రప్రదేశమున అక్షరములు వచ్చినవారు నూటికి 25 మందికి లోపు. స్త్రీలలో నూటికి సుమారు 16 మంది. మా వాడలో స్త్రీలకు ఆ పదునాఱును లేదేమో! అందుచేత ఏడవతరగతి బాలుడైనను పండితుడే. మధ్యాహ్నము బడి విడిచి వచ్చుసరికి అరుగుమీద కార్డు పట్టుకొని యొకరో యిద్దరో కాచియుండెడివారు. "ఇచ్చట మేము క్షేమము, అచ్చట మీ క్షేమము తెలుపవలెను" అని మొదలు. "వచ్చునెల మనియార్డరు పంపెదను" అని తుద. చదివిన పిదప వారు మరల చదువుమనెడివారు. మూడవసారి చదువునపుడు వారు మమ్ము చూడక గోడవంక చూచుచుండెడివారు. బదులు వ్రాయుమన్నపుడు చెప్పదలచిన దొకటి, బాలుని యెదుట చెప్పగలిగిన దొకటి. "బాగున్నామని వ్రాయుము బాబూ" అనెడివారు. మేమట్లే వ్రాసితిమి. ఆ దశాబ్దపు "క్షేమము" లెన్నియో మా చేతివ్రాతలోనే కలవు గనుక, అందఱును క్షేమముగ నుండిరన్న మాట వినినపుడు మేమూరకుండజాలము.

ఇక సంతృప్తినిగూర్చి. వాడకు విద్యుద్దీపము వచ్చినపుడు బాలుర మందఱము చప్పట్లు కొట్టితిమి. ఆ దీపముతో వచ్చిన దేమనగా రాత్రి నేత. కిరసనాయిలు బుడ్డి వెలుతురున రంగు భేదము తెలియక ప్రొద్దు గ్రుంకగనే నిలిచిపోయెడి మగ్గములు అర్ధరాత్రివఱకు నడచుట కారంభించెను. చీరలు పెరిగినవి, షావుకారు పుస్తకములోని బాకీ మాత్రము తరుగలేదు. ఆ బాకీ తీఱువఱకు మఱియొక షావుకారునకు నేయరాదు. తీఱుటకు దారియు లేదు. ఈ వేదికమీద షావుకార్ల వంశీయులును కలరు. వారి తండ్రులలో ఉదారులుండిరి, పెండ్లికిని పురిటికిని ఆదుకొన్నవారుండిరి, అదియు మేము మఱువలేదు. కాని దాతృత్వమువలన బ్రదుకు వాడను సంతృప్తవాటిక యనరాదు. ప్రభుత్వ మేమియు చేయలేదా యన్నచో, 1974లో శివరామన్ గారి సంఘము నివేదిక యిచ్చెను. 1976లో ఆప్కో యేర్పడెను, జనతావస్త్ర పథకము వచ్చెను. వానివలన మా వాడకు కొంత పని దొరికినమాట నిజము. అంతకుమించి చెప్పుటకు లేదు.

కోస్తా సోదరులు ఆ దశాబ్దమును దలచునపుడు 1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెనను విడిచి తలచుట మేమెన్నడును వినలేదు. అంతటి దుఃఖము తన్ను తాను మఱవనీయదు. దినదినము కొంచెము కొంచెముగ ననుభవించిన కష్టమే మాయమగుచున్నది. అట్టివానిలో నొకదానిని గూర్చి చెప్పుటకే యింతసేపు మీ యోపికను కోరితిమి.

చిటికికట్టు నేతలో పేక నూలును అద్దకమునకు సిద్ధపఱచుటకు ఆసు పోయవలెను. ఒకప్రక్క ఒంటిమొల, దాని కెదురుగ అర్ధచంద్రాకారమున వరుసగా మొలలు. పోగును పట్టుకొని ఒంటిమొలనుండి ఎదుటి మొలకు, అక్కడనుండి వెనుకకు చేయి చాపుచు ముడుచుచు పోవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 మారులు. నాలుగైదు గంటల పని. దినమునకు రెండు చీరలైనచో 18,000. ఈ పని యంతయు స్త్రీలది. వంట, నీరు, పిల్లలు, పశువులు దీనికి పైని. మగ్గము చప్పుడు చేయును గాని ఆసు చప్పుడు చేయదు. అందుచేతనే కాబోలు, ఆ దినములను తలచు పద్యములలో మగ్గపు సవ్వడి యున్నది గాని ఆసు పోయు చేయి లేదు.

మా తల్లిగారి కుడిచేయి నలువదియేండ్లు నిండకమునుపే భుజమునకు పైకి లేచుట మానినది. తల దువ్వుకొనుటకు మా అక్కగారిని పిలిచెడివారు. ఆ యక్కగారును అయిదవతరగతితో బడి మాని ఆసు ముందు కూర్చున్నవారే. మేము చదువుకొంటిమి. ఒక యింట నొకరు చదువుకొనుటకు మఱియొకరు ఆసు పోయవలసియుండుట ఆనాటి గణితము. చీర షావుకారున కిచ్చినపుడు కూలి మా తండ్రిగారి చేతికి వచ్చెడిది. పుస్తకములో వారి పేరే. నేసినవారి పేరుండుట న్యాయమే. కాని ఆసు పోసిన పేరు ఏ పుస్తకములోను లేదు. మొదటి అఖిలభారత చేనేత గణన 1987–88లో గాని జరుగలేదు గనుక, మేము పెరిగిన దశాబ్దమున సర్కారువారి లెక్కలోను వారు లేరు. 2019–20 గణనలో దేశమందలి చేనేతపనివారు 35 లక్షలకు పైగా ననియు, వారిలో నూటికి డెబ్బదిమందికి మించి స్త్రీలే యనియు తేలినది. వారు నేడు క్రొత్తగా వచ్చినవారా? లెక్క క్రొత్తది గాని చేతులు క్రొత్తవి కావు.

మహాభారతము ఆదిపర్వమున ఉదంకోపాఖ్యానము కలదు. ఉదంకుడు నాగలోకమునకు పోయి అచ్చట తెల్లని నల్లని నూళ్లతో వస్త్రము నేయుచున్న యిద్దఱు స్త్రీలను చూచును. పండ్రెండాకుల చక్రమును ఆరుగురు కుమారులు త్రిప్పుచుందురు. ఆ నూళ్లు పగలును రాత్రియు, చక్రము సంవత్సరము, కుమారులు ఋతువులు అని గురువు పిదప వివరించును. మేమీ కథను ఎన్నియో యేండ్లు పిల్లలకు చెప్పితిమి. వ్యాసుడు కాలమును నేయుపనిని స్త్రీలకప్పగించి, బాలురకు చక్రము త్రిప్పుపని మాత్రమే యిచ్చినాడు. మన వాడను చూచియే వ్రాసినాడా యని యొక్కొక్కప్పుడు తోచును. మన సంఘ సంచికలలో మాత్రము చిత్రములన్నియు చక్రము త్రిప్పినవారివే.

ఇందులకు భిన్నముగ తలచిన యొకని పేరు చెప్పవలెను. ఆలేరు దరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు 1972లో జన్మించిరి. అనగా మనము కొనియాడు దశాబ్దముననే కన్ను తెఱచిరి. చిన్నతనముననే చదువు మాని మగ్గమునకు వచ్చిరి. తల్లి లక్ష్మిగారి భుజపు నొప్పిని చూచి, ఆసు పోయు యంత్రము నిర్మింపబూని, ఏండ్లతరబడి శ్రమించి సాధించిరి. నాలుగైదు గంటల పని యించుమించు గంటన్నరలో ముగియుచున్నది. ఆ యంత్రమునకు తల్లి పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ పురస్కారము వచ్చినది, 2019లో వారి జీవితము చలనచిత్రముగను వచ్చినది. అందఱు నెఱిగినదే. మేము గమనింపగోరున దొక్కటి: ఆ బాలుడు కూడ మనము చూచిన వీధినే చూచినాడు, మనము విన్న మగ్గమునే విన్నాడు. కాని చప్పుడు చేయని దానిని సైతము చూచినాడు. "మా తల్లి దినమునకు రెండు చీరలకు ఆసు పోసెడిది, ఆనాటి ఆడువారి యోపికయే యోపిక" యని సభలలో చెప్పి కన్నీరు తుడుచుకొనుట కతనికిని సాధ్యమే గదా!

కావ్యము నటుంచితి మని చెప్పినను పండితుని నోటికి కావ్యము రాక తప్పదు, క్షమింపుడు. అభిజ్ఞానశాకుంతలము అయిదవ యంకమున దుష్యంతుడు హంసపదిక పాట విని, తనకు ప్రియజన వియోగము లేకున్నను హృదయమేల యింత తల్లడిల్లుచున్నదని యాశ్చర్యపడును. పూర్వజన్మ స్నేహము లెవ్వియో తెలియకయే తలపునకు వచ్చుచున్నవని సమాధానము చెప్పుకొనును. లోకములో నీ యుత్కంఠనుగూర్చి యింత సుకుమారముగ చెప్పినవారు లేరు. అయితే కాళిదాసు ఆ ఘట్టము నెచ్చట నుంచెను? మఱికొంతసేపటిలో శకుంతల వచ్చి యెదుట నిలుచును, రాజామె నెఱుగననును. తలపుల తీపిలో మునిగినవాడును, ఎదుటనున్న యామెను మఱచినవాడును ఒక్కడే! దుర్వాసుని శాపమని దుష్యంతునకు కవి యొక సాకు కల్పించెను. మన కే మహర్షియు శాపమీయలేదు.

ఆసు పోసిన వారిలో కొందఱు నేటికిని మన యిండ్లలో ఎనుబదియేండ్ల ముసలమ్మలై యున్నారు. మనుమలు హైదరాబాదున, అమెరికాలో నున్నారు. వారు మగ్గము విడిచినారని మనము నిందించుచున్నాము. ఆ నింద మాకు రుచింపదు. భుజము పోయిన తల్లి తన బిడ్డ మగ్గమునకు రాకూడదని మ్రొక్కుకొన్నచో ఆ మ్రొక్కు ఫలించినదనవలెను. ఎవరు నేయుదురో వారికి తగిన కూలి దొరకునట్లు చూచుట సంఘము పని. ఎవరు నేయవలెనో నిర్ణయించుట సంఘము పని కాదు.

పాత వాడ నమూనా యొకటి, మగ్గము, రాట్నము, మట్టిగోడలతో, సంఘభవనపు ఆవరణలో కట్టవలెనని తీర్మానము రానున్నదని వింటిమి. మేము దాని కడ్డుచెప్పము. కట్టినచో ఆసు ముందు కూర్చున్న స్త్రీ బొమ్మ నుంచుడు, మగ్గమువలె ద్వారమునకు ఎదురుగ. అంతకంటె ముందు, మట్టిబొమ్మ కాక మనుష్యులు మిగిలియుండగనే చేయవలసిన పని యొకటి కలదు. ఒక్కొక్క యింట ఆ ముసలమ్మను కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొనవలెను. అడుగువారు మనుమరాండ్రైనచో మేలు. కొడుకులతో వారు "బాగుంటిమి బాబూ" అని యూరకుందురు, మా కా యనుభవము కలదు. ఏ యేట ఆసు ముందు కూర్చుంటివి? బడి యే తరగతిలో మానితివి? దినమునకెన్ని చీరలు? కూలి నీ చేతికెన్నడైన వచ్చెనా? చేయి యెప్పుడు నొచ్చుట మొదలయ్యెను? నీ కానాడు సంతోషమేది? ఈ కడపటి ప్రశ్నను తప్పక యడుగుడు. పడుగు సాపిన యుదయములు వారికిని తీపియో కాదో మనకు తెలియవలెను గదా.

ఇందులకై మా పింఛనులోనుండి కొని తెచ్చిన నూఱు వ్రాతపుస్తకములను కార్యాలయపు బల్లమీద నుంచితిమి. ప్రతి పుస్తకపు తొలిపుటలో ఈ ప్రశ్నలు వ్రాసియున్నవి. మొదటి పుస్తకమును మా అక్కగారికొఱకు మా మనుమరాలు నిన్ననే తీసికొనినది, మిగిలినవి తొంబదితొమ్మిది. వచ్చు ఉగాదిలోపల నింపి పంపినచో, మఱుసటి సంచికలో అచ్చునకు సిద్ధపఱచు భారము మాది.